గేరుపెట్టె చరిత్ర



చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు, శాసనములు తలపునకు వచ్చును. మా శృంగవరపుకోట పేరులోనే కోట యున్నది. కాని కోటలకువలెనే పనిముట్లకును చరిత్ర గలదు. నాగలికి, గానుగకు, మగ్గమునకు, బండికి ఒక్కొక్క వంశవృక్షము కలదు. వానిని చేసినవారి పేర్లు శాసనములకెక్కుట అరుదు. వానిని బాగుచేసినవారి పేర్లు అంతకంటెను అరుదు. ఈ ప్రసంగమున అట్టి వస్తువు నొకదానిని గూర్చి చెప్పదలచితిని. అది మోటారు లారీ అడుగున నుండి, నూనెలో మునిగి, ఎవరి కంటను బడక పనిచేయు గేరుపెట్టె. అందును ముఖ్యముగా ఆ పెట్టెను కడిగి, పరీక్షించి, బాగుచేయు విద్య ఎట్లు మన ప్రాంతమున నెలకొన్నదో మనవి చేసెదను.

మా యూరు తూర్పు కనుమల పాదమున నున్నది. బొడ్డవర దాటగానే కొండ మొదలగును. కాశీపట్నము, అనంతగిరి మీదుగా అరకు చేరు త్రోవ సుమారు 60 కిలోమీటర్లు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. అనంతగిరి దాపున త్రోవ అంతకంటెను పైకెక్కి, మరల దిగును. ఇట్టి త్రోవలో బండి యెక్కునప్పుడు దాని బలమంతయు గేర్లమీద నుండును. దిగునప్పుడు దాని ప్రాణమంతయు గేర్లమీదనే యుండును. ఏ గేరున ఎక్కితిమో ఆ గేరుననే దిగవలెనని కనుమలో బండి తోలువారు చెప్పుకొను మాట ఊరక పుట్టలేదు. కనుక గేరుపెట్టె మాట మైదానపు ఊళ్ళలో యంత్రశాస్త్ర విషయమైనను, కొండ మొదటనున్న ఊరిలో అది జనుల క్షేమమునకు సంబంధించిన విషయము.

మోటారు రాకపూర్వము ఈ కనుమలలో పెరికెయెద్దులును, ఎద్దుబండ్లును నడిచెడివి. తీరమునుండి ఉప్పు పైకి, కొండలనుండి ధాన్యము, అటవీద్రవ్యములు క్రిందికి వచ్చుచుండెను. బండిని చేయువాడు వడ్రంగి. దానికి ఇనుము తొడుగువాడు కమ్మరి. చక్రమునకు ఇనుపపట్టా వేయుట పెద్దలందరును చూచియుందురు. చక్రముకంటె పట్టాను రవంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, వ్యాకోచించినంతనే చక్రమునకు తొడిగి, నీళ్ళు పోయుదురు. ఇనుము ముడుచుకొని ఆకులను, పూటీలను బిగియపట్టుకొనును. మేకుతో పనిలేదు, జిగురుతో పనిలేదు. ఈ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పనియున్నది. అట్లే ఇరుసునకు కందెన, చక్రము జారిపోకుండ కడచీల, ఇవన్నియు గేరుపెట్టెలో వేరు రూపములతో మరల కనబడును.

పళ్ళచక్రములును మనకు బొత్తిగా క్రొత్తవి కావు. ప్రత్తినుండి గింజను వేరుచేయు కఱ్ఱ చరఖీలో మరచుట్టువలె చెక్కిన పళ్ళు ఒకదానినొకటి త్రిప్పు ఏర్పాటు హిందూదేశమున శతాబ్దములుగా నున్నది. చెఱకు ఆడుటకు ఇనుప రోలర్లుగల మర 1870ల దశకమున బీహారులోని బిహియాలో తయారై దేశమంతట వ్యాపించెను. ఆ మరలలో పళ్ళచక్రములు బయటనే యుండెడివి. ఎద్దు మెల్లగా నడచును గనుక, దుమ్ము పడినను, పిప్పి పడినను కొంతకాలము గడచెడిది. మోటారు వేగమునకు ఆ పద్ధతి చాలలేదు.

మోటారునకు గేర్లతో అవసరమేమి? ఎద్దు నిలుచున్నచోటనుండియే తన బలమంతయు కాడిమీద పెట్టగలదు. పెట్రోలు యంత్రమో, డీసెలు యంత్రమో అట్లు చేయజాలదు. అది కొంత వేగముతో తిరుగుచున్నప్పుడే బలము నిచ్చును; వేగము తగ్గినచో ఆగిపోవును. కనుక యంత్రము వేగముగాను, చక్రము మెల్లగాను తిరుగుటకు నడుమ ఒక మధ్యవర్తి కావలెను. చిన్న పళ్ళచక్రము పెద్ద పళ్ళచక్రమును త్రిప్పినప్పుడు వేగము తగ్గును, బలము పెరుగును. ఏతములో పొడుగు కొనను లాగి పొట్టి కొనను బరువు లేవనెత్తు న్యాయమే యిది.

ఆవిరి యంత్రమునకు ఈ చిక్కు లేదు; అది నిలుకడనుండియే లాగగలదు. మదరాసులోని సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఒక ఆవిరికారును నిర్మించెను. పిమ్మట ఆ కంపెనీవారి ఆవిరిబస్సు మన బెజవాడ, బందరుల నడుమ నడిచెను. కాని బొగ్గును, నీటిని మోయవలసిన బండి పెట్రోలు బండితో పోటీపడలేకపోయెను. పెట్రోలు గెలిచెను, దానితో గేరుపెట్టెయు గెలిచెను.

ఆ పెట్టె పుట్టినది ఫ్రాన్సు దేశమున. 1891లో పనార్, లెవాసోర్ల సంస్థ యంత్రమును బండి ముందుంచి, గేర్లను నడుమ నుంచి, వెనుక చక్రములను నడుపు పద్ధతిని ఆరంభించెను. ఒక ఇరుసుమీద పళ్ళచక్రములను ప్రక్కకు జరిపి, రెండవ ఇరుసుమీది పళ్ళతో కలుపుటయే అందలి కిటుకు. తొలిబండ్లలో ఆ పళ్ళు బహిరంగముగనే తిరిగెడివి. బాటదుమ్ము పడి, కందెన ఎండి, పళ్ళు అరిగిపోయెడివి. ఆ దశాబ్దము నడుమనాటికి వానిని ఒక పెట్టెలో మూసి, నూనెలో ముంచిరి. 1898లో లూయీ రెనో, పై గేరున బలము నేరుగా వెనుకకు పోవునట్లు ఏర్పాటుచేసెను. ఇంతవరకును గేరు మార్చుట తోలువాని నేర్పుమీదనే ఆధారపడియుండెను. రెండు చక్రముల వేగములు కలియకపోయినచో పళ్ళు గర్జించి, అంచులు చిట్లెడివి. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో, ఇత్తడివంటి లోహపు వలయముల రాపిడితో వేగములను ముందుగా కలుపు ఏర్పాటు వచ్చెను. దానినే సింక్రోమెష్ అందురు. లారీలకు ఆ సౌకర్యము చాల ఆలస్యముగా వచ్చినది.

పళ్ళచక్రములను గూర్చి ఇంత చెప్పితిని గాని, నా ముఖ్యవిషయము పెట్టె. అది వట్టి మూత యని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. పెట్టె చేయు పనులు నాలుగు. మొదటిది నూనెను నిలుపుట. రెండవది దుమ్మును, నీటిని రానీయకుండుట. మూడవది ఇరుసులను ఒకదానికొకటి సమదూరమున, వెండ్రుకవాసి కూడ తప్పకుండ పట్టియుంచుట. నాల్గవది అన్నిటికంటె కఠినమైనది. యంత్రము ఒక పాలు బలము నిచ్చి, మొదటి గేరున అది ఏడు పాళ్ళుగా వెలువడినప్పుడు, తక్కిన ఆరు పాళ్ళ ఎదురుత్రిప్పు ఎక్కడ పడును? పెట్టె గోడలమీదను, దానిని బిగించిన బోల్టులమీదను పడును. ఏతపు బరువంతయు చివరకు దాని స్తంభముమీద పడినట్లే. అరకు కనుమలో నిండుబరువుతో ఎక్కు లారీ గేరుపెట్టె మలుపు మలుపునకు ఈ ఎదురుత్రిప్పును భరించుచుండును.

ఇట్టి బండ్లు మన ప్రాంతమునకు మెల్లగా వచ్చినవి. 1914లో హిందూదేశమున తొలి మోటారు వాహనముల చట్టము చేయబడెను. 1933లో విశాఖపట్టణమున క్రొత్త రేవు ప్రారంభింపబడినప్పటినుండి తీరమునకు, మన్యమునకు నడుమ సరకు రవాణా పెరిగెను. నైజాము రాజ్యములో 1932 జూన్ 15న రైల్వేశాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించిరి. స్కాట్లండునుండి వచ్చిన ఆల్బియన్ బస్సులు వారికుండెను. 1939 నాటి చట్టము బాడుగబండ్లకు యోగ్యతాపత్రము ఉండవలెనని విధించెను. అనగా బండి నడుపుటకు తగియున్నదని అధికారి పరీక్షించి ఈయవలసిన పత్రము. గేరుపెట్టె స్థితి వంటి లోపలి సంగతి తొలిసారిగా ప్రజల హక్కు సంగతియైనది అప్పుడే యని నా అభిప్రాయము.

అంతలో యుద్ధము వచ్చినది. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిరి. జనము పల్లెలకు తరలిపోయిరి. పెట్రోలునకు కట్టడి వచ్చెను. బస్సులవారు బండివెనుక కొలిమివంటి తొట్టి కట్టి, బొగ్గునుండి పుట్టిన వాయువుతో నడుపసాగిరి. ఆ వాయువుతో యంత్రబలము మూడవవంతో, అంతకెక్కువో తగ్గును. బలము తగ్గినకొలది తోలువాడు చిన్న గేరున ఎక్కువసేపు నడుపవలెను. అట్లు భారమంతయు గేరుపెట్టెమీద పడెను. విడిభాగములు సముద్రము దాటి రావలసియుండగా, ఓడలు సైన్యమునకే చాలకుండెను. పెట్టె పగిలినచో క్రొత్తది రాదు, పాతదానినే బ్రతికించుకొనవలెను. మన దేశమున మోటారు మరమ్మతు విద్య పదునెక్కినది ఆ సంవత్సరములలోనే. యుద్ధానంతరము సైన్యము వదలుకొన్న ఫోర్డు, షెవర్లే లారీలు వేలమున అమ్ముడుపోయి, అనేకులకు తొలి జీవనాధారములైనవి. 1954నుండి టాటావారు జర్మనుల సహకారముతో జంషెడ్పురమున లారీలు చేయసాగిరి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. శృంగవరపుకోటలో కూడ దాని డిపో వెలసెను. విశాఖపట్టణము జిల్లాలోనుండిన మా యూరు, 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరము జిల్లాలో చేరెను. మాకు ఉత్తరమున సాలూరు, పొట్టంగి కనుమ మొదట నుండుటచేత, లారీల ఊరుగా పేరుపొందెను. కొండ మొదటి ఊళ్ళే మేస్త్రీల ఊళ్ళగుట ఆశ్చర్యము గాదు.

ఈ మేస్త్రీలెవరు? మోటారు పనికి పూర్వపు కులవృత్తి లేదు. కమ్మరి కొలిమినుండి వచ్చినవారు, వడ్రంగులు, కంచరులు, లేతు త్రిప్పుట నేర్చిన తురకలు, సేద్యము చాలక వచ్చిన రైతుబిడ్డలు, అందరును అందు కలిసిరి. అందరికిని ప్రవేశద్వారము ఒక్కటే: కిరసనాయిలు తొట్టి. కుఱ్ఱవాడు మొదటి రెండేండ్లు సామానులు కడుగవలెను. అది వెట్టిచాకిరి యని మనకు తోచును. కాని ఆ కడుగుటలోనే విద్యకు ఓనమాలున్నవి. మా యూర బొడ్డవర త్రోవనున్న ఒక చిన్న కర్మశాలలో వృద్ధమేస్త్రీ యొకడు పనిచేయుచుండగా నేను పెక్కు దినములు కూర్చుండి చూచితిని. ఆయన పద్ధతిని కొంత వివరించెదను.

ఆయన పెట్టెను కడుగుటకు ముందు చూచును. వెలుపల బురద ఎక్కడ నూనెతో తడిసి గట్టిపడినదో ఆ తావునకు సుద్దముక్కతో గుర్తు పెట్టును. కడిగిన పిమ్మట ఆ సాక్ష్యము దొరకదు గదా. తరువాత యంత్రము వెచ్చగా నుండగనే నూనెను వెడల్పు పళ్ళెములోనికి దింపును. ఆ నూనెను ఆయన వైద్యుడు నాడిని చూచినట్లు చూచును. పాలవలె తెల్లబారినచో నీరు చేరినది. నల్లబడి మాడువాసన కొట్టినచో నూనె చాలక వేడెక్కినది. పసుపువన్నె రజను మెరసినచో ఇత్తడి వలయములో, బుష్షులో అరిగినవి. అయస్కాంతమునకు బూడిదరంగు ముద్ద కొంచెము అంటుట సహజము. పెళుసుగా, అంచులు గలిగిన ఉక్కుముక్క దొరికినచో అది పంటిదియో, బేరింగుదియో యగును. అట్టి ముక్క రెండు పళ్ళ నడుమ పడినప్పుడు, ఇరుసులను దూరముగా త్రోయును. పెట్టె పగులుటకు గల ప్రధాన కారణములలో ఇది యొకటి.

తరువాత శుద్ధి. అతికిన ముఖములమీది పాత ప్యాకింగు కాగితమును ఉక్కు ఉలితో గీకరాదు. గీత పడినచో నూనెకు అదియే కాలువ. కఱ్ఱబద్దతోను, ఇత్తడి రేకుతోను మెల్లగా తీయవలెను. పోత ఇనుప పెట్టెను కాస్టిక్ సోడా కలిపిన వేడినీట ముంచవచ్చును, జిడ్డంతయు కరగును. కాని అల్యూమినియపు పెట్టెను అందు ముంచుట మహాపరాధము. ఆ లోహమును సోడా తినివేయును. బుడగలు వెలువడుచుండగా గోడ పలుచబడిపోవును. అల్యూమినియమును చవుకగా తీయు విధానమును 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ వేర్వేరుగా కనుగొనిరి. పోత ఇనుము నీటికి ఏడు రెట్లకు పైగా బరువు. ఇది మూడు రెట్లకు లోపే. అందుచేత నేటి పెట్టెలు పెక్కు దీనితోనే చేయుచున్నారు. మేస్త్రీకి మాత్రము రెండు లోహములకు రెండు శాస్త్రములు నేర్వవలసివచ్చినది.

కడుగుటలో మరి రెండు సూక్ష్మములు గలవు. అడుగు మూసియున్న బోల్టు రంధ్రములలో నూనె నిలిచియుండి, పైనుండి బోల్టు బిగించినచో, ఆ నూనెకు పోవు దారి లేదు. అది ముడుచుకొనదు గనుక పెట్టెనే చీల్చును. కావున ప్రతి రంధ్రమును ఆరబెట్టవలెను. రెండవది, పెట్టె నెత్తిమీద చిన్న ఊపిరిరంధ్ర ముండును. అది బురదతో పూడినచో, లోపలి గాలి వేడెక్కి నూనెను సీళ్ళగుండ బయటికి త్రోయును. క్రొత్త సీళ్ళు ఎన్ని వేసినను కారుట మానదు. మూడు రూపాయల పనికి ముప్పది రూపాయలు వ్యయమగునది ఇచ్చటనే.

పిమ్మట పరీక్ష. సంతలో కుండ కొనునప్పుడు ఇల్లాలు వ్రేలితో కొట్టి వినును. మేస్త్రీయు పోత ఇనుప పెట్టెను చిన్న సుత్తితో తట్టి వినును. మంచిది ఖంగుమనును, బీట వారినది బొంగురుపలుకును. చెవికి అందని సన్నని పగులునకు సుద్దపరీక్ష యున్నది. పెట్టెకు కిరసనాయిలో, పలుచని నూనెయో పట్టించి కొంతసేపుంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూతవేసి ఆరనిత్తురు. పగులులో దాగిన నూనె మెల్లగా ఊరి, తెల్లని సుద్దమీద నల్లని గీతగా కనబడును. రైలు కర్మశాలలలో ఇరుసులను, చక్రములను పరీక్షించుటకు ఈ పద్ధతిని వాడిరి. నేడు రంగుద్రవములును, అయస్కాంతపు రజనును ఉన్నవి. కాని మూలసూత్రము సుద్దయు నూనెయునే. బేరింగు కూర్చుండు గుంతల అంచులలోను, బోల్టు చెవులకడను, రెండు ఇరుసుల రంధ్రముల నడుమ సన్నని గోడలోను పగుళ్ళు పుట్టుచుండును. అందుచేత చూపు మొదట అచ్చటికే పోవలెను.

అతుకు ముఖము సమముగా నున్నదా యని నిటారు ఉక్కుబద్దను ఆనించి, సన్నని రేకులను దూర్చి చూతురు. ఆ బద్ద సమమని ఎట్లు తెలియును? ఆంగ్లేయుడగు విట్‌వర్తు 1840లో దీనికి సమాధానమును పండితసభలో వివరించెను. రెండు పలకలను ఒకదానితో నొకటి సరిచూచినచో, ఒకటి గుంటగాను ఒకటి ఉబ్బుగాను ఉండి కూడ కలియవచ్చును. మూడు పలకలను జతలు మార్చి మార్చి రంగుపూసి సరిచూచినచో, మూడును నిజముగా సమమైననే గాని కలియవు. ముగ్గురు సాక్షులను విడివిడిగా విచారించు ధర్మాధికారి పద్ధతి యిది.

బేరింగు గుంతలలో ఒకటి అద్దమువలె తళతళలాడుచున్నచో సంతోషింపరాదు. కదలక కూర్చుండవలసిన బేరింగు వెలుపలి వలయము అందు తిరుగుచున్నదనుటకు అది గుర్తు. గుంతను రెండు దిక్కుల కొలిచి, గుండ్రముగా నున్నదో కోలగా నున్నదో చూడవలెను. ఇచ్చటి కొలతలు మిల్లీమీటరులో నూరవవంతులు. మన తలవెండ్రుక మందము అట్టి భాగములు సుమారు ఏడుండును. వెండ్రుకవాసి యని నేను ముందన్న మాట అలంకారము గాదు.

ఇక మరమ్మతు. అరిగిన గుంతలో ఉలితో చుక్కలు కొట్టి, ఆ గరుకున బేరింగును బిగించుట ఒక దొంగపని. కొన్ని వందల కిలోమీటర్లకే ఆ చుక్కలు అణగిపోవును. సరియైన పని యేమనగా, గుంతను లేతుమీద గుండ్రముగా పెద్దదిచేసి, దానికంటె రవంత పెద్దదైన ఇనుప బుష్షును చేసి, పెట్టెను వేడిచేసి, వ్యాకోచించినంతనే బుష్షును దించుట. చల్లారగనే పెట్టె దానిని బిగియపట్టును. నేను జ్ఞాపకముంచుకొనుమన్న బండిచక్రపు పట్టా ఇదియే! కమ్మరి బయటనుండి తొడిగినాడు. మేస్త్రీ లోపల తొడుగుచున్నాడు. కాని లేతుపనివాడు గుంత నడిబొడ్డును ఆవంత జరిపినను ఇరుసుల దూరము మారిపోయి, గేర్లు కూయుచు అరిగిపోవును. అందుచేత అరగని రంధ్రమును ఆధారముగా పెట్టుకొనియే కొలువవలెను.

పగులు అతుకుట అన్నిటికంటె కష్టము. పోత ఇనుములో కర్బనము నూటికి రెండునుండి నాలుగు పాళ్ళుండును. ఒత్తిడికి అది ఓర్చును. సాగదీసినచో పెళుకుగా విరుగును. మొదట పగులు రెండు కొనలయందు చిన్న రంధ్రములు వేయుదురు. లేనిచో అతుకుచుండగనే పగులు ముందునకు ప్రాకును. పిదప పగులును గాడిగా తీర్చి, పెట్టెనంతను వేడిచేసి, వెలిగారము చల్లి, ఇత్తడిని కరగించి పోయుదురు. మన కంచరులు బిందెలకు మాటు వేయునట్టి పనియే ఇది, పెద్ద ఎత్తున. అట్టి మంట నిచ్చు అసెటిలీను వాయువును కార్బైడునుండి తీసి, ప్రాణవాయువుతో కలిపి మండించు దీపము ఫ్రాన్సున 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో తయారైనది. ఉత్సవములలో వెలిగించిన కార్బైడు దీపముల ఘాటువాసన పెద్దలకు జ్ఞాపకముండును. ఆ వాయువే యిది. అతికిన తరువాత పెట్టెను వెంటనే గాలికి వదలరాదు. బూడిదలోనో, సున్నపుపొడిలోనో కప్పి, ఒక రాత్రి మెల్లగా చల్లారనీయవలెను. తొందరపడినచో అతుకు ప్రక్కనే గాజువలె పెళుసై మరల పగులును. అసలు మంట లేకయే, పగులునకు అడ్డముగా లోహపు కుట్లు వేసి బిగించు పద్ధతి 1930ల దశకమున, నిప్పు పెట్టరాని అమెరికా నూనెబావుల చోట ఏర్పడినది. ఇత్తడిని కరగించి పోయు పద్ధతి అల్యూమినియమునకు పనికిరాదు. దానిమీది సన్నని తుప్పుపొర లోహముకంటె మిక్కిలి హెచ్చు వేడికిగాని కరగదు. 1940ల దశకమున జడవాయువు చాటున విద్యుజ్జ్వాలతో అతుకు విద్య వచ్చిన తరువాతనే దాని మరమ్మతు సుకరమైనది.

ఇంత విద్య యున్నను, బాగుచేయరాని పగుళ్ళున్నవని తెలియుట విద్యకు పరాకాష్ఠ. బేరింగు గుంతను చీల్చుకొనిపోయిన పగులును అతికి కనుమకు పంపరాదు. ఆ వృద్ధమేస్త్రీ అట్టి పెట్టెలను తిరస్కరించెడివాడు. యజమాని వేరొక దుకాణమునకు పోవునని యెరిగియు తిరస్కరించెడివాడు. బాగుచేసినందుకు కూలి వచ్చును; వద్దని చెప్పినందుకు ఎవరును దమ్మిడీ ఇయ్యరు. మోటారు మరమ్మతు వృత్తిలోని ధర్మసంకట మంతయు ఈ యొక్క మాటలో నున్నది.

ఈ తిరస్కారము విలువ యెట్టిదో ఒక సంగతి చెప్పెదను. నేనెరిగిన లారీ యొకదాని గేరుపెట్టె అడుగున సన్నగా నూనె కారుచుండెను. పెట్టె విప్పి చూచినచో రెండు దినముల బాడుగ పోవునని, పగులునకు సబ్బు నలిమి, గుడ్డ అదిమి నడిపిరి. మైదానమున అది గడచినది. కనుమ దిగునప్పుడు పెట్టె వేడెక్కి సబ్బు కరిగెను, నూనె త్రోవపాలయ్యెను. బేరింగు ఎండి ఇరుసు జరుగగా, మలుపునొద్ద గేరు తనంతట ఊడిపోయెను. ఇక బండిని ఆపుటకు బ్రేకులు తప్ప వేరు ఆధారము లేదు. అవియు అప్పటికే కాలి పట్టు సడలియున్నవి. తోలువాడు సమయస్ఫూర్తితో బండిని లోయవైపు పోనీక కొండగోడకు రాచెను. ప్రాణములు దక్కినవి గాని, క్లీనరు కుఱ్ఱవాని కాలు విరిగెను. పదునారేండ్ల వాడు. తరువాత ఆ పెట్టెను విప్పినప్పుడు, అడుగున పాతబడిన పంటిముక్క యొకటి దొరికెను. నెలల క్రిందటనే అది అచ్చట పడియుండవలెను. నూనె దింపి ఒక్కసారి అయస్కాంతము త్రిప్పియుండినచో, అది తన కథ తానే చెప్పియుండును.

కాలము మారుచున్నది. నేటి పెట్టెలు తేలికయైనవి. గేర్లు మార్చుటకు యంత్రమే సాయపడు బండ్లు వచ్చినవి. విద్యుత్తుతో నడుచు బస్సులలో పలు గేర్ల పెట్టెతో అంతగా పనిలేదు. పగిలినదానిని అతుకుటకంటె క్రొత్తది కొనుట సులభమను మాట హెచ్చుచున్నది. ఈ మార్పును నేను దూషింపను. ఆవిరిబస్సు పోయినట్లే ఇదియు ఒకనాడు పోవచ్చును. కాని మా కనుమలో పాత లారీలు, జీపులు ఇంకను తిరుగుచున్నవి. శివరాత్రికి పుణ్యగిరి యాత్రకు, పెండ్లిబృందములకు, మన్యపు సంతలకు అవియే జనులను, సరకును మోయుచున్నవి. అందుచేత రెండు విన్నపములు చేసెదను.

గ్రామపెద్దలు పెండ్లికో, యాత్రకో బండి మాటాడునప్పుడు బాడుగ బేరమాడుటతోబాటు యోగ్యతాపత్రము కూడ చూపుమని అడుగవలెను. 1939 చట్టమునాటి ఆ నియమము 1988 చట్టములోను నిలిచియున్నది. బండి నిలిచియుండిన చోట నేలమీద నూనెచుక్కలు పడియున్నవా యని వంగి చూచుటకు చదువు అక్కరలేదు. కనుమ ఎక్కవలసిన బండియైనచో, గేరుపెట్టె నూనె ఎప్పుడు దింపిరని అడుగుట పెద్దరికమునకు లోటు గాదు.

రెండవది, ఈ విద్య యంతయు మేస్త్రీల చేతులలోను, చెవులలోను ఉన్నది. పుస్తకములలో మన భాషలో మిక్కిలి కొద్దిగా నున్నది. ఏ బండి పెట్టెకు ఏ గుంత ఎంత అరిగెను, ఏ అతుకు ఎన్నియేండ్లు నిలిచెను, ఏది తిరస్కరింపవలసివచ్చెను అను సంగతులు వారితోనే పోవుచున్నవి. చదువు నేర్చిన కుఱ్ఱవాడు ఒక్కొక్క కర్మశాలలో ఒక్కొక్క నోటుపుస్తకము పెట్టి, మేస్త్రీ చెప్పగా వ్రాసియుంచినచో, అది మన ప్రాంతపు చరిత్రకు శాసనములతో సమానమగును. పారిశ్రామిక శిక్షణాలయములకు పోవు మన పిల్లలకు అంతకంటె మంచి వాచకము దొరకదు. అట్టి పుస్తకములు నాలుగు ఊళ్ళలో మొదలైనను, ఈ ప్రసంగము సార్థకమైనదని తలంచి, ఇంతటితో విరమించుచున్నాను.